ఆరో తరగతిలో స్వతంత్ర పఠనం: పుస్తకం ఎంచుకోవడం నేర్పిన ఒక విద్యాసంవత్సరం

ఈ కేస్ స్టడీ మహబూబాబాద్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 2023–24 విద్యాసంవత్సరంలో ఆరో తరగతి పిల్లలతో చేసిన పఠన కార్యక్రమానికి సంబంధించినది. నేను ఆ తరగతికి తెలుగు బోధించే స్కూల్ అసిస్టెంటును. తరగతిలో నలభై మందికి కాస్త అటూ ఇటూగా పిల్లలుండేవారు. వారిలో సగానికి పైగా చుట్టుపక్కల తండాల నుంచి నడిచో, ఆటోలోనో వచ్చే లంబాడీ పిల్లలు. ఇంట్లో వారు మాట్లాడేది గోర్ బోలి. తెలుగు వారికి బడిలో, సంతలో, బస్సులో వినిపించే భాష. మిగిలినవారు ఊళ్లోని రైతు, కూలీ కుటుంబాల పిల్లలు. అయిదో తరగతి వరకు అందరూ ఒకే బడిలో చదివినవారు కారు; నాలుగైదు ప్రాథమిక పాఠశాలల నుంచి వచ్చి ఆరో తరగతిలో కలిశారు. అందువల్ల ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు దినపత్రిక చదవగలిగితే, ఇంకొకరు ఒత్తు కనిపించిన ప్రతిచోటా ఆగిపోయేవారు.

స్వతంత్ర పఠనం అన్న మాటను ఇక్కడ ఒక నిర్దిష్టమైన అర్థంలో వాడుతున్నాను. పాఠ్యపుస్తకం కాని పుస్తకాన్ని పిల్లవాడు తానే ఎంచుకొని, ఎవరూ వివరించకుండా, తన వేగంతో తాను చదువుకొని, నచ్చితే ముగించడం, నచ్చకపోతే వదిలేయడం. వదిలేసే హక్కును ఈ నిర్వచనంలో కావాలనే చేర్చాను. చదివే సమయాన్ని కేటాయించడం, పుస్తకాలను సమకూర్చడం రెండూ అవసరమే గాని, మా తరగతిలో పఠనం నిలదొక్కుకున్నది పిల్లలకు పుస్తకం ఎంచుకోవడం నేర్పిన తరువాతే. ఆ ఎంపికను పాఠంగా ఎలా మలచుకున్నామన్నదే ఈ వ్యాసంలో ప్రధానమైన విషయం.

నేపథ్యం

బడుల్లో పఠనానికి ప్రత్యేక సమయం కేటాయించాలన్న ఆలోచన కొత్తది కాదు. 2020లో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 2022 జనవరి 1న కేంద్ర విద్యాశాఖ ‘పఢే భారత్’ పేరుతో వంద రోజుల పఠన ప్రచారాన్ని ఆరంభించగా, అదే ఏడాది ఫిబ్రవరిలో తెలంగాణలో ‘రీడ్’ కార్యక్రమం, ఆగస్టులో ప్రాథమిక తరగతుల కోసం ‘తొలిమెట్టు’ వచ్చాయి. కరోనా కాలంలో బడులు మూతపడి పిల్లలు అక్షరాలకు దూరమైన తరువాత ఇటువంటి ప్రయత్నం తప్పనిసరి అయింది. 2018లో దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల అయిదో తరగతి పిల్లల్లో 50.5 శాతం మంది రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగితే, 2022 నాటికి అది 42.8 శాతానికి పడిపోయిందని, గ్రామీణ పిల్లల చదువు స్థాయిని కొలిచే ‘అసర్’ సర్వే నమోదు చేసింది. మా ఆరో తరగతి పిల్లలు మూడో తరగతి, నాలుగో తరగతి చదవవలసిన వయసులో సెల్‌ఫోన్ తెర ముందు కూర్చున్నవారు. ఫోను లేని ఇళ్లలో ఆ మాత్రం కూడా లేదు.

దీనికి తోడు 2022–23 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఇతర విషయాల పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగులో, ఎదురుపేజీ ఆంగ్లంలో ఉండే ద్విభాషా పుస్తకాలుగా మారాయి. అవి పిల్లలకు మేలు చేశాయనే నా అభిప్రాయం. అయితే ఎదురుపేజీ ఆంగ్లంతో కుస్తీ పట్టడానికే సమయమంతా సరిపోతున్నందున, తెలుగులో ధారాళంగా చదివే సాధన ఒక్క తెలుగు పీరియడ్ మీదనే ఆధారపడవలసి వచ్చింది.

ప్రచారాలు ముగిసిన తరువాత కూడా చాలా బడుల్లో పఠన పీరియడ్ టైంటేబుల్‌లో మిగిలింది. ఆ పీరియడ్‌లో జరిగేది ఏమిటో గది బయట నిలబడి చూసిన ఏ ఉపాధ్యాయుడికైనా తెలుసు. ఒకరు పేజీలు తిప్పుతుంటారు, ఒకరు బొమ్మలు చూస్తుంటారు, ఒకరు వారం రోజులుగా పదో పేజీ దగ్గరే ఉంటారు, గది మాత్రం నిశ్శబ్దంగా ఉంటుంది. ఈ సమస్య మనకు మాత్రమే పరిమితం కాదు. తరగతి అంతా కలిసి మౌనంగా చదివే పద్ధతిని 1960వ దశకం ఆరంభంలో అమెరికాలో వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన లైమన్ హంట్ ప్రతిపాదించారు. అది ఎన్నో దేశాలకు వ్యాపించిన తరువాత, 2000లో అమెరికా జాతీయ పఠన మండలి తన నివేదికలో, మార్గదర్శనం అంతగా లేని మౌనపఠనం వల్ల పఠన ధారాళత పెరుగుతుందనడానికి తగిన ఆధారాలు లభించలేదని పేర్కొంది. దాన్ని చదివి మౌనపఠనమే వృథా అన్నవారున్నారు. లభించిన అధ్యయనాలే తక్కువ కాబట్టి అలా తేల్చకూడదన్నవారూ ఉన్నారు. నాకు ఆ నివేదికలో ‘మార్గదర్శనం’ అన్న మాటే ముఖ్యమనిపించింది. ఆ పదిహేను ఇరవై నిమిషాల్లో ఉపాధ్యాయుడు ఏం చేస్తాడన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఈ పీరియడ్‌కు అర్థం లేదు.

పిల్లలు ఎక్కడ ఉన్నారు

జూన్ నెలాఖరులోగా ప్రతి విద్యార్థి చేతా విడివిడిగా ఒక పేరా చదివించాను. తరగతి ముందు నిలబెట్టి కాదు. వరండాలో, నా పక్కన కూర్చోబెట్టుకొని. చదివిన తరువాత ఆ పేరాలో ఏం జరిగిందో వారికి వచ్చిన భాషలో చెప్పమన్నాను. పిల్లలు స్థూలంగా మూడు రకాలుగా కనిపించారు. దాదాపు మూడో వంతు మంది ధారాళంగా చదివి అర్థం చెప్పగలిగారు. అంతకంటే కాస్త ఎక్కువ మంది గుణింతాల వరకు సాఫీగా వెళ్లి, సంయుక్తాక్షరాల దగ్గర ఆగి, ఆగినచోట అర్థాన్ని జారవిడిచారు. మిగిలినవారు ఒక్కో అక్షరాన్ని కూడబలుక్కుంటూ, పదం పూర్తయ్యేసరికి దాని మొదటి అక్షరాన్నే మరిచిపోయే స్థితిలో ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. రెండో రకం పిల్లలు ఉపాధ్యాయుల కంట పడరు. పాఠ్యపుస్తకంలోని పాఠాన్ని పలుమార్లు విన్నందువల్ల దాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగలరు. ప్రశ్నకు జవాబు నోటుబుక్కులో ఉంటుంది. కొత్త పేరా ఇస్తే గాని అసలు సంగతి బయటపడదు. స్వతంత్ర పఠనం వల్ల ఎక్కువ మేలు కలిగేది వీరికేనని నేను భావించాను, ఎందుకంటే వీరికి అక్షరజ్ఞానం ఉంది, సాధన లేదు. చదవగలిగినవాడు మరింత చదివి మరింత బలపడతాడనీ, చదవలేనివాడు చదవడానికి జంకి ఇంకా వెనుకబడతాడనీ పఠన పరిశోధకుడు కీత్ స్టానోవిచ్ 1986లో వివరించిన పరిణామం ఆరో తరగతి నాటికే మా గదిలో స్పష్టంగా కనిపిస్తోంది.

బీరువాలోని పుస్తకాలు

మా పాఠశాలలో పుస్తకాలు లేకపోలేదు. సమగ్ర శిక్షా పథకం కింద 2018 నుంచి బడి స్థాయిని బట్టి ఏటా 5,000 రూపాయల నుంచి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ నిధి ఉంది. అంతకుముందు వచ్చిన పుస్తకాలూ ఉన్నాయి. అవన్నీ ఉపాధ్యాయుల గదిలో, తాళం వేసిన రెండు ఇనుప బీరువాల్లో ఉండేవి. తాళానికి కారణం ఎవరి నిర్లక్ష్యమూ కాదు. ప్రతి పుస్తకం స్టాక్ రిజిస్టర్‌లో నమోదై ఉంటుంది. పోతే బాధ్యత రిజిస్టర్ మీద సంతకం చేసినవారిది. బదిలీ మీద వెళ్లే ఉపాధ్యాయుడు లెక్క అప్పగించాలి. ఇలాంటి ఏర్పాటులో పుస్తకం పిల్లల చేతిలో చిరగడం కంటే బీరువాలో చెదలు పట్టడమే అందరికీ క్షేమం. ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి, తరగతి గదికి తెచ్చే పుస్తకాలకు విడిగా ఒక జాబితా రాసి, వాటిలో కొంత తరుగు ఉంటుందని ముందే ఆమోదం తీసుకున్నాను. ఈ ఒక్క పనీ జరగకపోతే మిగిలినదేదీ జరిగేది కాదు.

పుస్తకాలను బయటకు తీసి చూస్తే మరో చిక్కు తెలిసింది. వాటిలో అధిక భాగం జాతీయ నాయకుల జీవిత చరిత్రలు, నీతికథల సంపుటాలు, చిన్న అక్షరాలతో పేజీ నిండా అచ్చయిన అనువాదాలు. ధారాళంగా చదివే మూడో వంతు మందికి అవి పనికొస్తాయి. పేజీకి నాలుగైదు వాక్యాలుండి, కథలో మాత్రం పదకొండేళ్ల పిల్లల ఆసక్తికి తగిన దినుసు ఉన్న పుస్తకాలు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. ఆ ఏడాది నిధితో నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వారి చిన్న పుస్తకాలు కొన్నాము. ప్రథమ్ బుక్స్ 2015లో ఆరంభించిన స్టోరీవీవర్ వేదికలో తెలుగు కథలు ఉచితంగా లభిస్తాయి. అచ్చు వేసుకొని పంచుకోవడానికి వాటి లైసెన్సు అనుమతిస్తుంది. కొన్నింటిని మండల కేంద్రంలో ప్రింటు తీయించి, మధ్యలో పిన్నులు కొట్టి, అట్టలు వేశాము. ఆ అట్టల మీద బొమ్మలు వేసినది తరగతిలోని పిల్లలే కావడంతో ఆ పుస్తకాలకు గిరాకీ ఎక్కువగా ఉండేది.

స్టోరీవీవర్ కథలకు ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయిలు ఉంటాయి. మొదటి స్థాయి అంటే తేలికైన మాటలతో, 250 పదాలలోపు. ఈ స్థాయి విభజన పదాల సంఖ్యను, వాక్యాల పొడవును చూస్తుంది గాని తెలుగు లిపిలోని కష్టాన్ని చూడదు. రెండో స్థాయి కథలో మాటలన్నీ సరళాక్షరాలే ఉండవచ్చు. మొదటి స్థాయి కథలో ముఖ్యపాత్ర పేరులోనే రెండు ఒత్తులు ఉండి, అది ప్రతి పేజీలోనూ పిల్లవాడికి అడ్డం పడవచ్చు. అందుకని ప్రతి పుస్తకాన్ని నేను ఒకసారి చదివి, ఒత్తుల సాంద్రతను బట్టి నా నోటుబుక్కులో గుర్తులు పెట్టుకున్నాను. పుస్తకాల మీద మాత్రం రంగు చుక్కలు, స్థాయి అంకెలు అతికించలేదు. అటువంటి చుక్కలను పిల్లలు పుస్తకానికి గుర్తుగా చూడరు. ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పే ర్యాంకుగా చూస్తారు. పుస్తకాలను విషయాన్ని బట్టి కలగలిపి, కిటికీ చువ్వల నుంచి గోడ మేకు వరకు కట్టిన నైలాన్ తాళ్లకు బట్టల క్లిప్పులతో, ముఖచిత్రం కనబడేలా వేలాడదీశాము.

ఎంచుకోవడాన్ని పాఠంగా చెప్పడం

మన పిల్లలకు పుస్తకాన్ని ఎంచుకునే సందర్భం దాదాపు ఎప్పుడూ రాదు. పాఠ్యపుస్తకాన్ని ప్రభుత్వం ఇస్తుంది, గైడును దుకాణదారు ఇస్తాడు, బహుమతి పుస్తకాన్ని గణతంత్ర దినోత్సవం నాడు సర్పంచ్ ఇస్తారు. అటువంటి పిల్లల్ని పుస్తకాల ముందు నిలబెట్టి ‘నీకు నచ్చింది తీసుకో’ అంటే, పక్కవాడు తీసుకున్నదే తీసుకుంటారు, లేదా అన్నింటికంటే పలచగా ఉన్నదాన్ని తీసుకుంటారు. జూలైలో రెండు వారాల పాటు పఠన సమయంలో చదవడం కంటే ఎంచుకోవడం మీదనే ఎక్కువ పని చేశాము. ఒక పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని నేను ఏం చూస్తానో పైకి చెబుతూ చూపించాను. ముఖచిత్రంలో ఏముంది, వెనుక అట్ట మీద ఏం రాశారు, లోపల బొమ్మలు ఎన్ని, అక్షరాలు ఎంత పెద్దవి. తరువాత మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవడం. మొదటి పేజీ కాదు, ఎందుకంటే రచయితలు మొదటి పేజీని సాధారణంగా తేలికగానే రాస్తారు.

ఆంగ్ల బడుల్లో దీనికి అయిదు వేళ్ల సూత్రం ఒకటి ఉంది. ఒక పేజీ చదువుతూ తెలియని పదం వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ప్రస్తుతానికి కష్టమైనదని అర్థం. మా పిల్లల విషయంలో ఇది పనిచేయలేదు. తెలుగు క్రియాపదం తన వెంట కర్తను, కాలాన్ని, కారణాన్ని మోసుకొని నడుస్తుంది. ‘వెళ్లలేకపోయినందుకు’ అన్నది ఒక్క పదమే గాని, పిల్లవాడు అందులో మూడు చోట్ల తడబడవచ్చు. మరోవైపు అర్థం తెలియకపోయినా సులభంగా చదవగల పదాలూ ఉంటాయి. కాబట్టి పదాలను లెక్కపెట్టడం మానుకొని, వాక్యాన్ని ప్రమాణంగా తీసుకున్నాము. ఒక పేజీని పెదవుల మధ్యే చదువుకోవాలి. ప్రతి వాక్యం చివర ఒక క్షణం ఆగి, ఇందులో ఎవరు ఏం చేశారో పక్కవాడికి చెప్పగలనా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. వరసగా మూడు వాక్యాలకు చెప్పలేకపోతే ఆ పుస్తకాన్ని తాడుకు తగిలించి మరొకటి తీసుకోవాలి. లంబాడీ పిల్లలకు ఆ చెప్పడం గోర్ బోలిలో జరిగినా అభ్యంతరం లేదని స్పష్టంగా చెప్పాను. తెలుగులో చదివినదాన్ని తమ భాషలో ఇట్టే చెప్పేసిన పిల్లలు, తెలుగులో అడిగితే మౌనంగా ఉండిపోయేవారు. వారికి కొరవడింది గ్రహింపు కాదు, తెలుగులో మాట్లాడే ధైర్యం.

రెండో ఏర్పాటు, ప్రతి ఒక్కరి దగ్గరా ఎప్పుడూ రెండు పుస్తకాలు ఉండటం. ఒకటి చదువుతున్నది, ఇంకొకటి దాన్ని వదిలేస్తే అందుకోవడానికి. రెండింటినీ ముందురోజు మధ్యాహ్న భోజన విరామంలోనే ఎంచుకోవాలి. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో ‘ప్రతి పాఠకుడికి అతడి పుస్తకం’ అన్నదాన్ని అందరూ ఉదహరిస్తారు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్న నాలుగో సూత్రాన్ని అంతగా పట్టించుకోరు. పదిహేను నిమిషాల పఠనంలో అయిదు నిమిషాలు తాళ్ల దగ్గర తోపులాటకే పోతే మిగిలేదేమీ ఉండదు. తెలుగు పీరియడ్‌లో మొదటి పదిహేను నిమిషాలను వారానికి మూడు రోజులు ఇందుకు కేటాయించాము. అంతకు మించి ఇస్తే సిలబస్ సాగదు. చివరి పదిహేను నిమిషాలైతే పాఠం సాగిపోయినప్పుడల్లా పఠనమే బలైపోతుంది.

మూడోది, వదిలేయడాన్ని నమోదు చేయడం. ప్రతి విద్యార్థికీ ఒక పఠన పట్టిక ఉండేది. అందులో పుస్తకం పేరు, తేదీ, ‘ముగించాను’ లేదా ‘వదిలేశాను’, వదిలేస్తే ఎందుకు అన్న ఒక్క వాక్యం. సారాంశం రాయనవసరం లేదు. మొదట్లో ఎవరూ ‘వదిలేశాను’ అని రాయలేదు. అది తప్పును ఒప్పుకోవడంలా వారికి తోచింది. నేను సగంలో వదిలేసిన ఒక నవలను తరగతికి తెచ్చి, ఎక్కడ ఆగానో, ఎందుకు ఆగానో చెప్పిన తరువాత గడులు నిండసాగాయి. ‘అక్షరాలు చిన్నగున్నయి’, ‘రాజుల పేర్లు ఎక్కువున్నయి, గుర్తుంటలేవు’, ‘ఈ కథ మా నాయనమ్మ చెప్పింది, తెలిసిందే’. ఒకమ్మాయి ‘అట్ట మీద దయ్యం ఉన్నది, లోపల లేదు’ అని రాసింది. ఏ పుస్తక ప్రదర్శనలోనూ దొరకని సమాచారం ఇది. తరువాత కొన్న పుస్తకాలను ఈ గడులను చూసే ఎంచుకున్నాను. కథలే అక్కరలేని పిల్లలు కొందరున్నారని కూడా వీటివల్లనే తెలిసింది. వారికి పాములు, ట్రాక్టర్లు, క్రికెట్, పొడుపు కథలు కావాలి. బొమ్మల కథలన్నింటినీ వరసగా వదిలేసిన ఒక అబ్బాయి, ఇంట్లో ఎరువుల దుకాణం నుంచి వచ్చిన కరపత్రాన్ని తెచ్చి, ఇది చదువుకోవచ్చా సార్ అని అడిగాడు. చదువుకోమన్నాను. నిజానికి ఆ కరపత్రంలోని తెలుగు మా ఉపవాచకాల కంటే కఠినంగా ఉంది. అయినా అతడు దాన్ని వదిలేయలేదు.

నీతి అడగకుండా మాట్లాడటం

పిల్లలు చదువుతున్నప్పుడు ఉపాధ్యాయుడు కూడా తన పుస్తకం చదువుకుంటూ ఆదర్శంగా కూర్చోవాలని కొందరు చెబుతారు. వారంలో ఒక రోజు నేను ఆ పని చేశాను. మిగిలిన రెండు రోజులు ఇద్దరు ముగ్గురు పిల్లల దగ్గరకు వెళ్లి, పక్కన కూర్చొని, గొంతు తగ్గించి మాట్లాడాను. ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు. నలభై మందిని చుట్టి రావడానికి రెండు నెలలు పట్టేది, కాబట్టి ఒత్తుల దగ్గర తడబడే పిల్లల వంతు మాత్రం త్వరగా వచ్చేలా చూసుకున్నాను.

కథ చదివిన పిల్లల్ని ‘ఏం చదివావు?’ అని అడిగితే మన తరగతి గదుల్లో వచ్చే మొదటి జవాబు ‘ఐకమత్యమే మహాబలం సార్’ అన్నట్లుగా ఉంటుంది. కథలో ఎలుక ఏం చేసిందో, వల ఎవరు కొరికారో వారికి గుర్తుండదు. నీతి మాత్రం గుర్తుంటుంది, ఒక్కోసారి కథ చదవకుండానే. ఏళ్ల తరబడి ప్రతి కథ చివరా మనం అడిగిన ప్రశ్న అదే కాబట్టి, కథ అంటే నీతిని చుట్టిన పొట్లం అని వారు గ్రహించారు. పొట్లం విప్పి లోపలిది చూపితే మార్కులు వస్తాయి గనుక పైకాగితాన్ని చదివే అవసరమేముంది? ఈ అలవాటును మాన్పించడానికి నాకు దసరా సెలవుల దాకా పట్టింది. అడిగే ప్రశ్నలను మార్చుకున్నాను. ఈ కథలో ఎవరితో నీకు పోట్లాడాలనిపించింది? ఇప్పుడు ఏ పేజీలో ఉన్నావు, అక్కడ ఏం జరగబోతోందని అనుకుంటున్నావు? బొమ్మలో ఉండి మాటల్లో లేనిదేమైనా ఉందా? ఎక్కడ ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివావు? ఈ చివరి ప్రశ్న అన్నింటికంటే ఉపయోగపడింది. వెనక్కి వెళ్లి చదివినట్లు చెప్పిన పిల్లలు అర్థాన్ని వెతుక్కుంటూ చదువుతున్నారని నమ్మవచ్చు. ఎక్కడా ఆగలేదన్నవారిలో చాలామంది కళ్లతో మాత్రమే పేజీలు దాటుతున్నారు.

ఇక్కడ మూల్యాంకనం నుంచి ఒక ఇబ్బంది ఉంది. ఏడాది మధ్యలో బడిలోనే జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పుస్తక సమీక్షకు మార్కులు ఉంటాయి. ఉద్దేశం మంచిదే. ఆచరణలో మాత్రం ఒకే సమీక్ష పేర్లు మార్చుకొని తరగతి అంతా తిరుగుతుంది. గైడుల్లో తయారుగా దొరికే సమీక్షలూ ఉన్నాయి. చదివిన ప్రతి పుస్తకం మీదా రాయవలసి వస్తే పిల్లలు తక్కువ పుస్తకాలు చదవడమే లాభమని త్వరగానే తెలుసుకుంటారు. అందుకని ఒక్కో మూల్యాంకనానికి తాము చదివినవాటిలో ఒకే పుస్తకాన్ని ఎంచుకొని రాయమన్నాను. మార్కుల్లో కొంత భాగాన్ని మా సంభాషణల్లో నేను రాసుకున్న వివరాలను బట్టి ఇచ్చాను. తనిఖీకి వచ్చిన అధికారికి ఆ నోటుబుక్కును చూపితే అభ్యంతరం చెప్పలేదు.

శనివారం నాడు మూడు నిమిషాల పుస్తక పరిచయం ఉండేది. ఒక విద్యార్థి ముందుకు వచ్చి, పుస్తకాన్ని పైకెత్తి చూపి, అందులోంచి అరపేజీ చదివి, ఉత్కంఠ కలిగే చోట ఆపాలి. నేను ఎంతగానో సిఫారసు చేసినా తాడు నుంచి కదలని పుస్తకం, వెనుక బల్ల అబ్బాయి ఒకడు చదివి వినిపించిన మరునాటి నుంచి చేతులు మారుతూనే ఉంది. ఉపాధ్యాయుడి మెప్పు కంటే తోటి విద్యార్థి మెప్పు బలమైనదని ఒప్పుకోవడానికి కాస్త కష్టంగానే ఉంటుంది.

ఇంకా కూడబలుక్కునే పిల్లలు

అక్షరాలు కూడబలుక్కునే స్థితిలో ఉన్నవారి చేతికి పుస్తకం ఇచ్చి స్వతంత్రంగా చదువుకోమనడం అన్యాయం. వారికి పఠన సమయానికి బయట, ఉదయం ప్రార్థనకు ముందు కొంతసేపు ఒత్తుల సాధన విడిగా జరిగింది. దాని వివరాలు ఈ వ్యాస పరిధిలోనివి కావు. పఠన సమయంలో వారి సమస్య వేరు. పేజీకి ఒక్క వాక్యం ఉన్న బొమ్మల పుస్తకాన్ని వారు చదవగలరు, కాని పదకొండేళ్ల పిల్లవాడు ఒకటో తరగతి పుస్తకం పట్టుకొని నలుగురిలో కూర్చోవడానికి సిద్ధంగా ఉండడు. లావు పుస్తకం తీసుకొని, దాని వెనుక ముఖం దాచుకుంటాడు.

మా ఆవరణలోనే ప్రాథమిక పాఠశాల ఉండటం ఇక్కడ కలిసివచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ఒకటి, రెండు తరగతుల పిల్లలకు కథ చదివి వినిపించే బాధ్యతను ఈ పిల్లలకే అప్పగించాను. వినిపించాలంటే ముందు సాధన చేయాలి. సాధన చేయాలంటే ఆ చిన్న పుస్తకాన్నే వారమంతా పట్టుకోవాలి. చేతిలో ఆ పుస్తకం ఉండటానికి ఇప్పుడు గౌరవనీయమైన కారణం దొరికింది. ఒకే పుస్తకాన్ని పదేపదే పైకి చదవడం వల్ల ధారాళత పెరుగుతుందన్నది పఠన బోధనలో బాగా స్థిరపడిన విషయమే. తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయి తెలుగు వాక్యం చదివి, వెంటనే దాన్ని గోర్ బోలిలో చెప్పి, బొమ్మ చూపి, మళ్లీ తెలుగులో చదివేది. ఆ పద్ధతిని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ప్రాథమిక పాఠశాల టీచర్ తరువాత ఆమెనే పంపమని ప్రత్యేకంగా అడిగేవారు.

మిర్చి కాలం

జనవరి చివరి నుంచి మార్చి దాకా మా ప్రాంతంలో మిర్చి ఏరే పని ఉంటుంది. తల్లిదండ్రులతో పాటు పిల్లలూ చేలకు వెళతారు, లేదా ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవడానికి ఆగిపోతారు. హాజరు తగ్గుతుంది. అంతవరకు రెండో రకంలో నుంచి పైకి వచ్చిన పిల్లల్లో కొందరు మూడు నాలుగు వారాల తరువాత తిరిగి వచ్చి, వదిలిన పుస్తకాన్ని మళ్లీ మొదటి పేజీ నుంచి ఆరంభించవలసి వచ్చింది. బడికి రాని పిల్లలకు పక్కింటి పిల్లల చేత పుస్తకాలు పంపాము. కొన్ని ఇళ్లలో ‘పాఠం చదువుకోక ఈ కథలెందుకు’ అన్న మాట వచ్చింది. అది అన్నవారి మీద నాకు ఫిర్యాదు లేదు, ఎందుకంటే బడి కూడా వారికి అంతకాలం చెప్పింది అదే. తల్లిదండ్రుల సమావేశంలో ఉపన్యాసం ఇవ్వడం కంటే, వారి పిల్లల చేత వారి ముందే కొత్త పుస్తకం నుంచి ఒక పేజీ చదివించడం ఎక్కువగా పనిచేసింది.

ఏం మారింది, ఏం మారలేదు

మార్చి నెలాఖరులో జూన్ నాటి పద్ధతిలోనే, అదే స్థాయి కొత్త పేరాతో ప్రతి విద్యార్థినీ విడిగా చదివించాను. ఒత్తుల దగ్గర ఆగిపోయే రెండో రకం పిల్లల్లో ఎక్కువమంది వాక్యాన్ని వాక్యంగా చదివే స్థితికి వచ్చారు. మూడో రకంలో కొద్దిమంది ఒక మెట్టు ఎక్కారు. మిగిలినవారికి ఆరో తరగతిలో వారానికి మూడు పదిహేను నిమిషాలు చాలవని స్పష్టమైంది. ధారాళంగా చదివే పిల్లల్లో వేగం మారలేదు, ఎంపిక మారింది. నీతికథలను దాటి పొడవైన కథలకు, సమాచార గ్రంథాలకు వెళ్లారు. వారి సొంత రాతలో పాత్రల మాటలు, కొటేషన్ గుర్తులు కనిపించసాగాయి. స్లిప్ టెస్టు మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ పరీక్షలు పాఠ్యాంశాన్ని గుర్తుంచుకోవడాన్ని కొలుస్తాయి గనుక నాకది ఆశ్చర్యం కలిగించలేదు. ఈ మార్పులో స్వతంత్ర పఠనం వాటా ఎంత, రోజువారీ బోధన వాటా ఎంత, ఒక ఏడాది వయసు పెరగడం వాటా ఎంత అన్నది ఒక్క తరగతిని చూసి విడదీయడం సాధ్యం కాదు. పోల్చడానికి మరో సెక్షన్ మా బడిలో లేదు.

నేను నమ్మకంగా చెప్పగలిగినది పఠన పట్టికల్లో కనిపించేదే. జూలై, ఆగస్టుల్లో ‘వదిలేశాను’ అన్న గడులు క్రమంగా పెరిగి, నవంబరు తరువాత తగ్గాయి. మొదటి పెరుగుదల పిల్లలకు ధైర్యం రావడం వల్ల. తరువాతి తగ్గుదల, తమకు సరిపడే పుస్తకాన్ని మొదటిసారే పట్టుకోవడం తెలిసినందువల్ల. నిశ్శబ్దాన్ని కొలమానంగా పెట్టుకుంటే ఈ తేడా ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే గది మొదటి రోజు కూడా నిశ్శబ్దంగానే ఉంది.

ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు. చదివే అలవాటు ఆ ఏడు వారాల్లో తెగిపోకుండా, తల్లిదండ్రుల సంతకమో వేలిముద్రో తీసుకొని ఒక్కొక్కరికి రెండేసి పుస్తకాలు ఇచ్చాము. ప్రతి తండాలోనూ ఒక విద్యార్థికి మార్పిడి నోటుబుక్కు అప్పగించాము, ఎవరి పుస్తకం ఎవరికి చేరిందో రాసుకోవడానికి. జూన్ 12న బడి తెరిచాక ఎక్కువ పుస్తకాలు తిరిగి వచ్చాయి. కొన్ని వానకు తడిసి ఉబ్బాయి, కొన్ని రాలేదు. రానివాటిని ముందుగా ఆమోదించిన తరుగు కింద స్టాక్ రిజిస్టర్‌లో రాశాము. ఆ పిల్లలు ఏడో తరగతికి వెళ్లారు. అక్కడి టైంటేబుల్‌లో పదిహేను నిమిషాల పఠనం లేదు. ప్రస్తుతానికి వారు మధ్యాహ్న భోజన విరామంలో మా గదికి వచ్చి తాళ్ల మీది పుస్తకాలు మార్చుకుంటున్నారు. ఏడో తరగతి తెలుగు ఉపాధ్యాయురాలు వారానికి ఒక రోజుతో మొదలుపెడతానన్నారు. ఆమె కోసం ఒత్తుల గుర్తులు పెట్టుకున్న నా నోటుబుక్కుకు నకలు తీయించి ఇచ్చాను.